గుమ్మటాన్ని మోసే నాలుగు మూలలు

రోము నగరంలోని పునీత పేతురుగారి మహాదేవాలయం బొమ్మ లేని కతోలిక ఇల్లు మనలో అరుదు. క్యాలెండరు మీదో, గురుపట్టాభిషేకం కార్డు మీదో, టీవీలో పాపుగారి క్రిస్మసు పూజ చూసేటప్పుడో ఆ పెద్ద గుమ్మటం మీ కంటపడే ఉంటుంది. అది ఎవరిదని అడిగితే మైఖేలాంజెలోదని చాలామంది చెబుతారు. ఆ మాట నిజమే. అయితే ఆయన ఆ గుమ్మటాన్ని కళ్ళారా చూడలేదని మీకు తెలుసా? ఆయన కన్నుమూసేనాటికి దాని వంపులో ఒక్క రాయి కూడా పెట్టలేదు. జీవితంలో చివరి పదిహేడేళ్ళు ఆయన చేసిందంతా ఆ గుమ్మటం నిలబడటానికి కింద కావలసిన పని. ఈ వారం ఆయన కథ చెబుతాను. కాస్త ఓపికగా చదవండి. మధ్యలో ఒక కొబ్బరి చిప్ప కూడా అవసరమవుతుంది.

మైఖేలాంజెలో 1475 మార్చి 6న ఇటలీలోని కప్రేసె అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి లొదొవీకో ఆ ఊరికి అప్పట్లో ప్రభుత్వాధికారి. పదవీకాలం ముగియగానే కుటుంబం ఫ్లోరెన్సుకు తిరిగి వచ్చింది. పసివాణ్ణి సెత్తిన్యానో గ్రామంలో రాళ్ళు చెక్కేవాని భార్య దగ్గర పాలకు ఉంచారు. ఉలి, సుత్తి తనకు ఆ పాలతోనే అబ్బాయని ఆయన పెద్దయ్యాక సరదాగా చెప్పుకునేవాడు. ఆరేళ్ళ వయసులో కన్నతల్లి పోయింది. కొడుకు చేతిపనివాడు కావడం తండ్రికి నామోషీ. అయినా పిల్లవాని పట్టుదల ముందు ఆయన మాట సాగలేదు. 1488లో, పదమూడవ ఏట, గిర్లాందాయో అనే చిత్రకారుని దగ్గర పనికి చేర్చాడు.

ఆ తరువాత కథ లోకమంతటికీ తెలిసిందే. సిలువ నుండి దింపిన క్రీస్తునాథుణ్ణి ఒడిలో పెట్టుకున్న దేవమాత విగ్రహాన్ని ఆయన 1499లో ముగించాడు. అప్పటికి వయసు ఇరవైనాలుగు. 1504లో దావీదు విగ్రహం పూర్తి చేశాడు. అయిదు మీటర్లకు పైబడిన ఆ విగ్రహానికి వాడిన పాలరాయి అంతకుముందు వేరే శిల్పులు మొదలుపెట్టి, చెడగొట్టి, వదిలేసినది. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉన్న రాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇతరులు సగంలో వదిలేసిన పని ఆయన చేతికి రావడం అదే చివరిసారి కాదు.

1505లో రెండవ జూలియస్ పాపుగారు ఆయనను రోముకు పిలిపించి, తమ సమాధిని చెక్కమన్నారు. ఎనిమిది నెలలు కర్రారా కొండల్లో ఉండి ఆయన పాలరాయి తవ్వించాడు. తిరిగి వచ్చేసరికి పాపుగారి మనసు వేరే పనిమీదికి మళ్ళింది. నాలుగవ శతాబ్దంలో కొన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించిన పాత పేతురుగారి దేవాలయం శిథిలమైంది. దానిచోట కొత్తది కట్టాలి. ఆ పని బ్రమాంటె అనే శిల్పాచార్యునికి అప్పగించారు. సమాధికి డబ్బు ఆగిపోయింది. మైఖేలాంజెలోకు పాపుగారి దర్శనం కూడా దొరకలేదు. ఇదంతా బ్రమాంటె చేసిన కుట్ర అని ఆయన నమ్మాడు. 1506 ఏప్రిల్ 17న కోపంతో రోము విడిచి వెళ్ళిపోయాడు. ఆ మరునాడే, ఏప్రిల్ 18న, కొత్త దేవాలయానికి పునాదిరాయి వేశారు.

ఇక్కడ కాసేపు ఆగి, బ్రమాంటె ముందున్న చిక్కు ఏమిటో చూద్దాం. అది తెలియకపోతే మైఖేలాంజెలో చేసిన త్యాగం అర్థం కాదు.

మీ ఇంట్లో నలుపలకల అట్టపెట్టె ఉంటే మూత తీసి, పెట్టె వెడల్పంత గుండ్రని గిన్నెను దానిమీద బోర్లించండి. నాలుగు పక్కల మధ్యభాగంలో గిన్నె అంచు పెట్టెను ఆనుతుంది. నాలుగు మూలల్లో మాత్రం అంచు కింద ఏమీ ఉండదు, వట్టి ఖాళీయే. గిన్నె ఒకే రేకుతో చేసింది కనుక పడిపోదు. రాళ్ళతోనో ఇటుకలతోనో పేర్చిన గుమ్మటం అలా కాదు. దాని అంచు పొడవునా ప్రతి అంగుళం కింద ఆధారం కావాలి. చతురస్రపు గది మీద గుండ్రని గుమ్మటం ఎలా నిలపాలి? కట్టడాల చరిత్రలో ఇది చాలా పాత ప్రశ్న.

రోములోనే రెండవ శతాబ్దంలో కట్టిన పాంథియన్ ఉంది. దాని గుమ్మటం అడ్డుకొలత 43 మీటర్లు. అక్కడ గోడ కూడా గుండ్రమే కనుక చిక్కే లేదు. మూడవ శతాబ్దంలో పారశీకులు ఫిరూజాబాదు రాజభవనంలో మరో దారి చూపించారు. గది నాలుగు మూలల్లోనూ అడ్డంగా ఒక్కొక్క చిన్న కమాను కట్టారు. అప్పుడు నాలుగు పలకల గది ఎనిమిది పలకలుగా మారుతుంది. ఎనిమిది పలకలు గుండ్రానికి దగ్గర. ఆ మీద గుమ్మటం కూర్చుంటుంది. ఈ మూల కమానును స్క్వించ్ అంటారు. హైదరాబాదులో గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళినప్పుడు తలెత్తి మూలలవైపు చూడండి. చదరపు గది గుండ్రని గుమ్మటంగా మారేచోట కమానులు చేసే పని మీకు కనిపిస్తుంది.

ఈ పద్ధతికి గోడలు కావాలి. పేతురుగారి దేవాలయం సిలువ ఆకారంలో ఉండాలి. సిలువ నిలువు, అడ్డం కలిసే చోట, సరిగ్గా పేతురుగారి సమాధి మీద, బలిపీఠం. దాని పైన గుమ్మటం. అక్కడ నాలుగు వైపులా తెరిచి ఉండాలి కనుక గోడలు పెట్టే వీలు లేదు. మూలకొకటి చొప్పున నాలుగు స్తంభాలే దిక్కు.

ఇప్పుడు కొబ్బరి చిప్ప తీసుకోండి. నేలమీద బోర్లించండి. దాని అంచును తాకుతూ లోపల ఒక చతురస్రం ఉందని ఊహించుకుని, ఆ నాలుగు పక్కల వెంట చిప్పను నిలువుగా కోసేయండి. కోసిన ప్రతి పక్కా ఒక కమానులా కనిపిస్తుంది. తరువాత ఆ కమానుల శిఖరాల ఎత్తులో చిప్ప పైభాగాన్ని అడ్డంగా కోసి తీసేయండి. ఏం మిగిలింది? నాలుగు మూలల్లో నాలుగు వంపు ముక్కలు. కింద సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ, పైన ఒకదానితో ఒకటి కలిసి చక్కని వలయమవుతాయి. ఆ వలయం మీద గుమ్మటం పెట్టవచ్చు. పైబరువంతా కమానుల మీదుగా, ఈ ముక్కల మీదుగా నాలుగు స్తంభాలకు దిగుతుంది. ఈ వంపు ముక్కనే పెండెంటివ్ అంటారు.

కొన్‌స్టాంటినోపులులో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన హగియా సోఫియా దేవాలయం 537లో పూర్తయింది. పెండెంటివ్‌లను అంత పెద్ద ఎత్తున వాడింది అక్కడే. అయితే 558లో, భూకంపాల తరువాత, ఆ గుమ్మటం కూలింది. అది మరీ చదునుగా ఉండడంతో బరువు పక్కలకు తన్నింది. మళ్ళీ కట్టినప్పుడు ఆరేడు మీటర్లు ఎత్తు పెంచారు. గుమ్మటం కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపును ఓర్చుకునే బలం కింద ఉండాలి. ఈ పాఠం ఖరీదైనదే.

బ్రమాంటె నాలుగు మహాస్తంభాలు లేపి, వాటిని కమానులతో కలిపాడు. స్తంభాల లోపలి మూలలను ఏటవాలుగా చెక్కించాడు. దానివల్ల పెండెంటివ్‌లు సూదిమొనలా కాకుండా అడుగునే వెడల్పుగా మొదలవుతాయి. గొప్ప ఆలోచన. కానీ తొందరపాటు ఎక్కువైంది. స్తంభాలు ఆ బరువుకు చాలవని తరువాత తేలింది. పగుళ్ళు కూడా వచ్చాయి. 1513లో పాపుగారు, 1514లో బ్రమాంటె గతించారు. వెనుక వచ్చినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క నమూనా గీశారు. ఇంతలో ఈ దేవాలయం కోసమే దండవిమోచన పత్రాల పేరిట చందాలు పోగుచేయడం శ్రీసభలో పెద్ద గాయానికి ఒక కారణమైంది. 1517లో మార్టిన్ లూథరు నిరసన అక్కడే మొదలైంది. దీన్ని దాచవలసిన పని లేదు. 1527లో సైన్యాలు రోమును దోచుకున్నాయి. పని మూలపడింది.

మైఖేలాంజెలో ఈ లోపు సిస్టీన్ ప్రార్థనాలయం పైకప్పు చిత్రించాడు, 1508 నుండి 1512 వరకు. 1541లో అక్కడే తుది తీర్పు చిత్రం ముగించాడు. 1546లో దేవాలయ నిర్మాణం చూస్తున్న సంగాల్లో చనిపోయాడు. మూడవ పౌలు పాపుగారు ఆ భారాన్ని మైఖేలాంజెలో మీద పెట్టారు. అప్పటికాయనకు డెబ్బైఒకటో ఏడు. తాను శిల్పినే కాని భవనాలు కట్టేవాణ్ణి కానని వెనుకాడాడు. చివరికి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. జీతం తీసుకోనన్నాడు. దేవుని ప్రేమకోసం, పేతురుగారి మీది భక్తికోసం చేస్తానన్నాడు. చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు.

ఇప్పుడు చూడండి ఆయన ఏం చేశాడో. సంగాల్లో ఏడేళ్ళు శ్రమించి చేయించిన పెద్ద కొయ్య నమూనా ఉంది. అది నేటికీ వాటికనులో ఉంది. దాని ప్రకారం కడితే లోపల చీకటి, ఖర్చు కొండంత. మైఖేలాంజెలో దాన్ని పక్కన పెట్టాడు. అప్పటికే మొదలైన కొన్ని బయటి గోడలు కూల్పించాడు. ఎవరి ప్రణాళిక వైపు మళ్ళాడో తెలుసా? నలభై ఏళ్ళుగా తన శత్రువని తలచిన బ్రమాంటె ప్రణాళిక వైపు. ప్రాచీనుల తరువాత అంతటి నిర్మాణవేత్త లేడని, ఆయన వేసిన దారి విడిచినవారు సత్యాన్నే విడిచారని ఒక ఉత్తరంలో రాశాడు. తనకు కీడు చేశాడనుకున్న మనిషి చనిపోయి ముప్పై ఏళ్ళయ్యాక, ఆ మనిషి వేసిన నాలుగు స్తంభాలనే నమ్మి, వాటి చుట్టూ ఉన్న కట్టడాన్ని మరింత దిట్టపరచాడు.

సంగాల్లో మనుషులు ఊరుకోలేదు. దేవాలయాన్ని పాడుచేస్తున్నాడని, ముసలివాడై మతి తప్పిందని పాపుగార్లకు ఫిర్యాదులు చేశారు. 1551లో విచారణ కూడా జరిగింది. వెలుతురు చాలదని నిందించినవారికి, పైన ఇంకా మూడు కిటికీలు రావాలని ఆయన జవాబిచ్చాడని, జీవితచరిత్ర రాసిన వసారి చెబుతాడు. ఫ్లోరెన్సు పాలకుడు కోసిమో సొంత ఊరికి వచ్చేయమని, గౌరవంగా బతకమని ఎన్నోసార్లు కబురు పంపాడు. వెళ్ళాలని ఆయనకూ ఆశే. కానీ తాను కదిలితే పని చెడుతుందని, అది సిగ్గూ పాపమూ అని వెళ్ళలేదు.

1557లో పెద్ద దెబ్బ తగిలింది. దక్షిణం వైపు భాగంలో పైకప్పు వంపు కట్టేటప్పుడు పనిపెద్ద సెంట్రింగు కొలత పొరబడ్డాడు. అక్కడ వంపు చోటుచోటుకూ మారాలి. అతడు ఒకే కొలతతో కానిచ్చేశాడు. ఎనభై రెండేళ్ళ మైఖేలాంజెలో రోజూ పనిచోటికి వెళ్ళి చూసుకోలేకపోయాడు. తప్పు తెలిసేసరికి చాలా వరకు కట్టేశారు. అంతా కూల్చి మళ్ళీ కట్టవలసి వచ్చింది. సిగ్గుతో, దుఃఖంతో మనిషి చనిపోగలిగితే తాను బతికి ఉండేవాణ్ణి కానని ఆయన వసారికి రాసుకున్నాడు. అంతకు కొంతకాలం ముందే, ఇరవై ఆరేళ్ళు తన దగ్గర ఉన్న సేవకుడు ఉర్బీనోను మట్టిలో పెట్టాడు. ఒంటరివాడు.

అప్పుడే ఆయన మిత్రులు ఒక మాట చెప్పారు. నీ తరువాత ఎవరూ తప్పు చేయకుండా గుమ్మటానికి నమూనా చేయించమన్నారు. ముందు మట్టితో చేశాడు. తరువాత 1558 నుండి 1561 వరకు అసలు కొలతలో పదిహేనవ వంతుగా పెద్ద కొయ్య నమూనా చేయించాడు. తాను కట్టబోనని తెలిసినవాడే అలాంటి నమూనా చేయిస్తాడు. పనిలో మాత్రం నాలుగు కమానుల మీది వలయం పైన గుండ్రని గోడ లేస్తూ వచ్చింది. గుమ్మటానికి అది మెడ వంటిది. పదహారు కిటికీలు, వాటి మధ్య జంట స్తంభాలు. ఆ స్తంభాలు అందానికే అనుకునేరు, గుమ్మటం పక్కలకు తోసే తోపును ఓర్చుకోవడానికి కూడా.

1564 ఫిబ్రవరి 18న మైఖేలాంజెలో దేవుని పిలుపు అందుకున్నాడు. ఎనభై తొమ్మిది నిండడానికి కొద్ది వారాలే తక్కువ. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు కూడా ఉలి పట్టుకుని, చనిపోయిన కుమారుణ్ణి పట్టుకున్న దేవమాతను చెక్కుతూనే ఉన్నాడు. ఆ విగ్రహం అసంపూర్తిగా మిలానులో ఉంది. పేతురుగారి గుడిలో గుండ్రని గోడ దాదాపు పూర్తయింది. దానిమీద ఆకాశమే ఉంది.

ఆ ఆకాశం మరో ఇరవై నాలుగేళ్ళు అలాగే ఉంది. 1588లో అయిదవ సిక్స్తుస్ పాపుగారి కాలంలో జాకొమో దెల్లా పోర్తా, దొమెనీకో ఫొంతానా పని మొదలుపెట్టి, 1590లో, ఇరవై రెండు నెలల్లో, గుమ్మటం మూశారు. దెల్లా పోర్తా నమూనాను కాస్త మార్చి గుమ్మటాన్ని ఇంకా నిటారుగా లేపాడు. లోపల అడ్డుకొలత 42 మీటర్లు. నేల నుండి శిలువ కొన వరకు 136 మీటర్లు. దేవాలయ ప్రతిష్ఠ 1626 నవంబరు 18న జరిగింది. పునాదిరాయి పడి నూట ఇరవై ఏళ్ళు.

అప్పటికీ పని అయిపోలేదు. 1740లలో గుమ్మటానికి పగుళ్ళు కనిపించాయి. పద్నాలుగవ బెనెడిక్టు పాపుగారు ముగ్గురు గణితవేత్తలను పిలిపించారు. ఆ ముగ్గురూ గురువులే. వారిలో బొస్కొవిచ్ యేసుసభవారు. తరువాత పాదువా ఆచార్యుడు పొలెని, దారానికి బరువులు కట్టి దండలా వేలాడదీసి, ఆ వంపును తలకిందులు చేసి గుమ్మటం వంపుతో పోల్చి చూశాడు. గుమ్మటం నిలుస్తుందని, అయితే పక్కతోపుకు మరికొన్ని ఇనుప వలయాలు బిగించాలని చెప్పాడు. బిగించారు. నేటికీ ఉన్నాయి, ఎవరికీ కనిపించవు.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక విచారణలో పెంకుల గుడి తీసి కొత్త గుడికి పునాది తవ్వించాను. ఇంటింటికీ తిరిగి చందాలు అడిగాను. గోడలు నడుము ఎత్తు లేచేసరికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. తరువాత వచ్చిన గురువుగారు గుడి పూర్తి చేశారు. ప్రతిష్ఠకు నన్నూ పిలిచారు. వేదిక మీద కూర్చున్నాను, భోజనం చేశాను, గుమ్మం పక్కన శిలాఫలకం చదివాను. నా పేరు లేదు. నవ్వుతూనే బయలుదేరాను కాని చాలా ఏళ్ళు ఆ ఊరి దారి తొక్కలేదు. సెమినరీలో తత్వశాస్త్రం చదివినప్పుడు ఒక వస్తువుకు ఎన్ని కారణాలుంటాయో కంఠస్థం చేశాను. అందులో ఏ కారణానికి పేరు దక్కాలో ఏ పుస్తకమూ చెప్పలేదు.

బ్రమాంటె గురించి మైఖేలాంజెలో రాసిన మాట చదివిన రోజున నాకు ఆ శిలాఫలకం గుర్తొచ్చింది. దానితోపాటు ఇంకొకటి గుర్తొచ్చి తల దించుకున్నాను. నాతో కలిసి పునాది తవ్విన కూలీలు, నీళ్ళు మోసిన ఆడవాళ్ళు, ఆ తాపీ మేస్త్రీ... వారిలో ఒక్కరి పేరూ నాకు గుర్తులేదు. నా పేరు మరిచారని అన్నేళ్ళు కుమిలిన నేను వారి పేర్లు మరిచిపోయాను.

ఈ మధ్య ఆ ఊరికి వెళ్ళాను. దివ్యబలిపూజ అయ్యాక గుడి వెనక కూర్చున్న వృద్ధులను అడిగి, ఆనాడు పని చేసినవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. పదకొండు దొరికాయి. కొందరు చనిపోయారు. ఆ కాగితం ఇప్పుడు నా పూజపుస్తకంలో ఉంది. బలిపీఠం దగ్గర వారిని తలచుకుంటున్నాను.

మీలో ఎవరైనా రోము వెళితే, పేతురుగారి బలిపీఠం ముందు నిలబడి గుమ్మటం వైపు తప్పక చూడండి. తరువాత చూపు కాస్త కిందికి దించండి. నాలుగు మూలల్లో నాలుగు వంపు ముక్కలు, వాటిమీద మొజాయిక్ చిత్రాల్లో నలుగురు సువార్తికులు. మార్కుగారి చేతిలోని కలమే దాదాపు ఒకటిన్నర మీటరు పొడవు. వారి కింద ఒక్కొక్కటి 71 మీటర్ల చుట్టుకొలతగల స్తంభాలు. రోము వెళ్ళలేనివారు వచ్చే ఆదివారం మీ గుడిలోనే చూడండి. పూజకు ముందు ఊడ్చే మనిషిని, చాపలు పరిచే ముసలమ్మను, జీతం లేకుండా పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశిని చూడండి. వారి పేరేమిటో అడగండి. మీకు తెలియకపోతే అది వారి తప్పు కాదు.